చేనును మానును మందయు
(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



మన మహాసభలలో సాధారణముగా మూడు విషయములు చర్చకు వచ్చుచుండును: విద్యార్థివసతిగృహము, వివాహవ్యయము, శాసనసభలలో మనవారి సంఖ్య. మూడును అవసరములే. వానిని గూర్చి నాకంటె చక్కగా చెప్పగలవారు ఈ వేదికపై నున్నారు. కార్యదర్శిగారు నాకు అరగంట కాలమిచ్చి, మీకు తోచిన విషయము చెప్పుడనిరి. నాకు తోచినది మన మంద. మంద యొక్కటియే కాదు. మంద మేయు నేల, ఆ నేలకు నీడనిచ్చు మాను, ఆ మాని ప్రక్కనుండు చేను. ఈ మూటిని గూర్చి యాదవకులమువారు కాక మరెవ్వరు మాటలాడవలెను?

విద్యార్థులు వినదగిన మాట యొకటి. మనమిప్పుడు జరుపుకొనుచున్న ఈ గోష్ఠికి ఆ పేరెట్లు వచ్చెను? గోవులు నిలుచు తావు గోష్ఠము. అచ్చట పశుపాలకులు కూడి ముచ్చటించుకొనుటచేత ఆ కూడికకు గోష్ఠి యను పేరు కలిగినది. గవేషణ మనగా వెదకుట. అదియు మొదట ఆవులను వెదకుటయే. కావున సభాపతులును, విశ్వవిద్యాలయములలోని పరిశోధకులును మనకు కొంచెము ఋణపడియున్నారని చెప్పినచో తప్పు లేదు. ఆ ఋణమును వారు తీర్చినను తీర్చకున్నను, మనము మాత్రము ఆ గోష్ఠమును మరచిపోవుచున్నాము.

కాటమరాజు కథను మనలో విననివారుండరు. అది పదుమూడవ శతాబ్దమున నెల్లూరి నేలిన తెలుగుచోడుడు మనుమసిద్ధి కాలమునాటి వృత్తాంతమని పండితులు చెప్పుదురు. తంగిరాల వెంకటసుబ్బారావుగారు ఈ కథలను సేకరించి, పరిశోధించి లోకమునకు అందించిరి. కథాసారము మీకు తెలిసినదే. కరవు వచ్చినది. కాటమరాజు ఆలమందలను దక్షిణమునకు తోలుకొనివచ్చి, నెల్లూరిసీమ బీళ్లలో మేపుకొనుటకు రాజుతో ఒడంబడిక చేసికొనెను. మందలో పుట్టిన కోడెదూడలను పుల్లరిగా ఇచ్చుటకు ఒప్పుకొనెను. పిమ్మట పుల్లరి తగవై, తగవు యుద్ధమై, ఇరువైపుల వీరులు కూలిరి. ఖడ్గతిక్కన మడిసినది ఆ యుద్ధమందే. మనవారు దీనిని వీరగాథగా పాడుదురు. పాడవలసినదే. కాని ఇంతటి రక్తపాతమునకు మూలము స్త్రీ కాదు, సింహాసనము కాదు; పచ్చిక. మందకు మేత కావలెను, చేనికి కాపుదల కావలెను. ఏడువందల యేండ్లు దాటినవి. ఆ తగవు మన చిత్తూరు, తిరుపతి సీమలలో నేటికిని తీరలేదు. కత్తులు పోయినవి, వాని స్థానమున ముండ్లతీగ కంచెలును, పోలీసు ఠాణాలో అర్జీలును వచ్చినవి.

పూర్వము ఈ తగవు ఇంత తీవ్రముగా లేకపోవుటకు కారణమున్నది. చేనికి మంద కావలసియుండెను. కోతలైన పిమ్మట కాపు తానై వచ్చి గొల్లను పిలిచి, తన చేనిలో మంద కట్టుమని అడుగుచుండెను. రాత్రికింత యని ధాన్యము కొలుచుచుండెను. గొర్రె పెంటికయు మూత్రమును నేలలోనే యింకిపోయి, బండి కట్టు పని లేకయే ఎరువు చేరుచుండెను. మంద తినునది కొయ్యకాలు, గెనిమలమీది గడ్డి, రాలిన తుమ్మకాయ. దానివలన కాపునకు నష్టము లేదు. వరికయ్యలకు కానుగ రెమ్మలు విరిచి తెచ్చి త్రొక్కించుచుండిరి. వేప, చింత, తుమ్మ గట్టులమీదను, బావుల దరులను ఉండెను. నాగలికి కొయ్య, కపిలకు దూలము, పొయ్యికి పుల్ల, మేకకు రొట్ట, అన్నియు ఆ గట్టుననే దొరకుచుండెను. ఇట్లు చేను మందను, మంద మానును, మాను చేనును పోషించుచుండెను. దీనికి అప్పుడు పేరేమియు లేదు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు దీనికి వ్యవసాయవనపద్ధతి యని పేరు పెట్టి, దీనికొరకు దేశాంతరములలో సంస్థలు నెలకొల్పిరి. మన దేశము 2014లో దీనికై ఒక జాతీయవిధానమునే ప్రకటించెను. ఇట్టి విధానమును ప్రకటించిన దేశములలో మనదే మొదటిదని చెప్పుదురు.

అట్టి కూటమి ఎట్లు విడిపోయెను? బస్తా ఎరువు వచ్చినది. కాపునకు మందతో పని తీరినది. ట్రాక్టరు వచ్చినది, మలుపుటకు అడ్డమని గట్టుమీది మాను పోయినది. గొట్టపుబావి వచ్చినది, ఒకప్పుడు మూడు మట్లలో నీరు పడిన పడమటి మండలములలో నేడు వేయి అడుగులు తొలచినను పడునో పడదో తెలియదు. మానావారి చేలలో రాగి, సజ్జ, అనుము, అలసంద, కంది కలిసి పండుటకు మారుగా వేరుశనగ యొక్కటియే విస్తరించెను. అది వాననమ్మిన పంట. పూత, ఊడల వేళ ఇరువది దినములు వాన మొగము చాటు చేసినచో కాయ లేదు. ఆ దెబ్బలు తిన్నవారు మామిడికి తిరిగిరి. ఉపాధిహామీ పథకము క్రింద చిన్న రైతులకును మామిడిమొక్కలు దొరకినవి. మంచి పనియే. కాని ఎక్కడ చూచినను మామిడియే, అందునను గుజ్జునకు పోవు తోతాపురియే యగుటచేత ఏమి జరిగెనో 2025 కాపులో మనమందరము కన్నులార చూచితిమి. కర్మాగారముల ముంగిట కాయబండ్లు బారులు తీరి దినములతరబడి నిలిచెను. కర్మాగారములవారు కిలోకు 8 రూపాయలు ఇయ్యవలెననియు, ప్రభుత్వము మరి 4 రూపాయలు చేర్చుననియు నిర్ణయించిరి. ఆ పండ్రెండును చేతికందక, కాయను కోతకూలికి సరిపోని ధరకు అమ్ముకొన్నవారు, తోటలోనే వదలినవారు ఎందరో కలరు. ఒక్క పంటను నమ్మినవాడు ఒక్క బేరగానిని నమ్మినవాడే యగును.

ఇక మనవారి స్థితి. 2019 పశుగణనమున గొర్రెల సంఖ్యలో తెలంగాణము దేశమున మొదటిది, మన ఆంధ్రరాష్ట్రము రెండవది. గొర్రె తగ్గలేదు, మాంసము ధర తగ్గలేదు. తగ్గినది మేయు నేల. బీడు తోటయైనది, తోటకు కంచె వచ్చినది. గ్రామపు పోరంబోకు కొంత పట్టాలక్రింద పోయినది, కొంత ఇండ్లస్థలములక్రింద పోయినది. అడవి సంరక్షితమైనది. కుప్పము, పలమనేరు ప్రాంతమున కౌండిన్య అభయారణ్యపు అంచున మందను తోలువానికి ఏనుగుల భయము తోడైనది. మన యువకులు మంద తోలుట నామోషీ యనుకొనుచున్నారని పెద్దలు విచారించుచున్నారు. నామోషీ కాదు, దినమునకు పదిమందిచేత మాటపడి మేపుకొను బ్రతుకునకు ఏ యువకుడు ముందుకు వచ్చును?

కౌటిల్యుడు అర్థశాస్త్రములో దున్నుటకు పనికిరాని నేలను పశువుల మేతకు విడువవలెనని రాజునకు విధించెను. పచ్చికబయళ్లకు వేరుగా ఒక అధ్యక్షుని నియమింపుమనెను. మన మండల కార్యాలయములలో అన్నిటికిని అధికారులు కలరు. పచ్చికకు మాత్రము ఎవ్వరును లేరు. మేతనేలల రక్షణకై మన సంఘము అర్జీలు పెట్టవలెను. కాని అర్జీ ఫలించువరకు గొర్రె ఆకలితో నిలువదు. కావున పోయిన మేతను మన గెనిమలమీదనే మరల పెంచుకొను మార్గము చెప్పెదను.

ముందుగా కానుగ. దీని ఆకును పశువులు సామాన్యముగా ముట్టవు. కావున మంద తిరుగు చోటను కంచె లేకయే బ్రతుకును. చిక్కుడుజాతి వృక్షమగుటచేత నేలకు నత్రజని చేర్చును. ఆకు పొలమునకు, గింజ నూనెకు, పిండి ఎరువునకు. రెండవది అవిసె. తమలపాకుతోటలు పెట్టినవారికి దీని సంగతి తెలియును. తీగకు ఊతముగా నాటుదురు. వేగముగా పెరుగును, ఆకు పశువునకు ప్రియము. కాని ఆయుర్దాయము తక్కువ. మూడవది గిరిపుష్పము. కొమ్మ నరికి పాతినను చిగుర్చును. మొదట దాని వాసనకు పశువు మొగము త్రిప్పుకొనును. వాడబెట్టి కొలదికొలదిగా అలవాటు చేయవలెను. సుబాబుల్ మేతకు మంచిదే కాని దానిలో ఒక విషపదార్థమున్నది. మేతలో మూడవ వంతు మించరాదని పశువైద్యులు చెప్పుదురు. తుమ్మకాయ గొర్రెకు, మేకకు వేసవి ధాన్యము వంటిది. చింతను మాత్రము చేని నడుమ నాటవలదు. దాని క్రింద పంట రాదు. పొలము మూలనో, బాటప్రక్కనో నాటినచో తాతకు నీడయు, మనుమనికి రాబడియు నిచ్చును. నీలగిరిని గూర్చి నన్నడుగకుడు. కాగితపు మిల్లువారికి అది ముద్దే కావచ్చును. దాని ప్రక్కచేనివాని నడిగినచో తెలియును.

చెట్టు నీడవలన పంట తగ్గదా యని కొందరు ప్రశ్నింతురు. తగ్గును. దానిని దాచి చెప్పుట న్యాయము కాదు. గట్టుప్రక్క రెండు మూడు చాళ్లు పలుచబడును. కాని విత్తుటకు ముందు కొమ్మలు కొట్టి మేతకును, ఎరువునకును వాడినచో పైరు కాలమున నీడ తగ్గును. కొమ్మకొట్టుటకు సోమరిపడినవానికి చెట్టు శత్రువే. మరియు మన సీమ వాన తీరు తలచుకొనుడు. నైరుతి, ఈశాన్యము రెండును మనకు వచ్చును. వచ్చినపుడు కుంభవృష్టి, లేనిచో ఆకాశము నిర్మలము. 2021 నవంబరులో తిరుపతి వీథులు ఏరులైన దినములు జ్ఞాపకమున్నవి గదా! స్వర్ణముఖి పొంగెను, రాయలచెరువు కట్ట తెగునేమో యని క్రింది గ్రామములవారు ఇండ్లు విడిచిపోయిరి. అట్టి వానలో మాను లేని గట్టు కరగిపోవును. దానితో తరతరముల ఎరువు ఏటిపాలగును. వేరులు పట్టిన గట్టు నిలుచును. నేను గట్టునకు చెట్టు కావలెననుటకు మొదటి కారణము మేత కాదు, ఈ మన్ను.

ఇచ్చట ఆఫ్రికాలోని నైజరు దేశపు ముచ్చట చెప్పవలెను. మనకంటె ఎండయు బీదరికమును ఎక్కువగల దేశము. అచ్చట నాటిన మొక్కలు నాటినట్లే చచ్చుచుండగా, 1983 ప్రాంతమున టోనీ రినాడో యను ఆస్ట్రేలియా దేశస్థుడు చేలలో పొదలవలె కనబడునవి నిజమునకు నరకిన చెట్ల మోడులనియు, వేరులు సజీవముగా నున్నవనియు గుర్తించెను. రైతులు ప్రతిమోడునకును ఒకటి రెండు బలమైన చిగుళ్లను నిలిపి, మిగిలినవి తీసివేయసాగిరి. నాటుట లేదు, నీరు పోయుట లేదు. ఇట్లు తరువాతి యేండ్లలో సుమారు 50 లక్షల హెక్టార్ల నేల పచ్చబడెనని లెక్క కట్టిరి. మన పీలేరు, తంబళ్లపల్లె, పుంగనూరు గుట్టలక్రింది చేలలో వేప, మోదుగ, తెల్లతుమ్మ మోడులు తక్కువా? ప్రతియేట దున్నుచు నరకుచున్నాము. ప్రతియేట అవి చిగుర్చుచున్నవి. ఎకరమునకు పదింటిని విడిచిపెట్టినచో ఖర్చు శూన్యము. విజయదశమినాడు మనము మ్రొక్కు జమ్మిచెట్టునే రాజస్థాన రైతు తన సజ్జచేని నడుమ పెంచి, దాని ఆకును ఒంటెకును మేకకును పెట్టుచున్నాడు. మనము మ్రొక్కి ఊరుకొనుచున్నాము.

ఇక తోటయు మందయు. పాతపద్ధతిని ఎకరమునకు 40 మామిడిచెట్లు, చెట్టునకు చెట్టునకు నడుమ ముప్పది అడుగులు పైగా ఎడము. మొదటి ఐదారు సంవత్సరములు ఆ ఎడమున వేరుశనగయు, ఉలవయు, అలసందయు వేయుదురు. చెట్టు పెద్దదైన పిమ్మట నేల బీడువడి గడ్డి మొలచును. దానిని తీయుటకు రైతు ట్రాక్టరునకు డబ్బిచ్చును, లేదా గడ్డిమందు చల్లును. ఆ కంచె ఆవలనే గొర్రె ఆకలితో నిలిచియుండును! మామిడికోత వేసవితో ఆరంభమై శ్రావణమునకు ముగియును. తరువాత ఈశాన్యవానలకు గడ్డి పెరుగును. పుష్యమాసమున పూత వచ్చు వరకు, నాలుగైదు నెలలు, ఆ తోటలో గొర్రె మేసినచో చెట్టునకు నష్టము లేదు. కొమ్మలు దాని నోటికందని యెత్తునకు పోయియుండవలెను, అంతే. గడ్డి తీరును, ఎరువు చేరును. మేకను మాత్రము తోటలోనికి విడువరాదు. గొర్రె తల వంచి మేయును, మేక తల యెత్తి మేయును. మేకకు గెనిమలమీది రొట్ట కోసి దొడ్డిలోనే వేయవలెను. ఈ భేదము మనకు పుట్టుకతో తెలియును. తోట యజమానికి తెలియదు. కావుననే అతడు రెంటిని కలిపి ద్వేషించును.

దీనికొక వ్రాతకోతల ఒడంబడిక యుండవలెను. ఎన్ని గొర్రెలు, ఏ నెలనుండి ఏ నెలవరకు, ఎన్ని రాత్రులు మంద కట్టవలెను, చెట్టు విరిగినచో ఎవరు భరింపవలెను, ఇవి వ్రాసికొనవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది మందు చల్లు తేదీ. పురుగుమందు చల్లిన తోటలో తెలియక మేసినచో మంద మందయే చచ్చును. ఆ పాపము ఎవరిదో తేలదు. చల్లినచో ఎన్ని దినములవరకు మందను రానీయరాదో ముందుగా తెలుపుట యజమాని బాధ్యతగా వ్రాయించుడు. కాటమరాజు ఒడంబడిక తుదకు ఏమైనదో మీకు తెలియును.

ప్రకృతివ్యవసాయమును గూర్చియు ఒక మాట. 2016 నుండి మన రాష్ట్రమున రైతుసాధికారసంస్థ దీనిని వ్యాపింపజేయుచున్నది. నవధాన్యములు విత్తి నేలను సంవత్సరమంతయు పచ్చగా కప్పియుంచవలెనని వారి సిద్ధాంతము. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ పురస్కారము ఈ ఉద్యమమునకు లభించినది. మన రైతు స్త్రీలకు అది గర్వకారణము. వారి ఘనజీవామృత, ద్రవజీవామృతములను చూచినపుడు నాకు వరాహమిహిరుని బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయము తలపునకు వచ్చును. గొర్రెల, మేకల పెంటికపొడిని నువ్వులు మొదలగువానితో నీట ఏడు రాత్రులు నానవేసి చెట్లకు పోయుమని ఆరవ శతాబ్దమునాడే ఆయన చెప్పెను. పద్ధతి మంచిదే. కాని నేల 365 దినములును పైరుతో కప్పబడియున్నచో కొయ్యకాలు మేయు మందకు తావెక్కడ? ఈ ప్రశ్నను ఆ సభలలో మనవారు లేచి అడుగవలెను. అడుగనిచో చెప్పువారుండరు. నవధాన్యములలో మేతకు కొంత పాలు విడుచుటయు, భూమి లేని గొల్లకు గ్రామములో ఎరువు సమకూర్చు వానిగా స్థానమిచ్చుటయు ఆ పద్ధతికి భంగకరములు కావు.

ఆవుల మాట విడువరాదు. మన పుంగనూరు ఆవు మూడడుగుల యెత్తు, ఒకటి రెండు క్వింటాళ్ల బరువు. కొలది మేతతో బ్రతికి చిక్కని పాలిచ్చును. పాలు కొలతకు తక్కువ. అది అంతరించుచుండగా పలమనేరు పశుపరిశోధనస్థానమువారు కాపాడిరి. నేడు పట్టణపు ధనికులు దానిని లక్షలు పోసి కొని ముంగిట కట్టి ఛాయాచిత్రములు తీయించుకొనుచున్నారు. ప్రాణి బ్రతుకుటయే మేలు, నిందింపను. ఐనను రెండెకరముల మానావారి రైతుకొరకు పుట్టిన ఆవు ఆ రైతునకే అందరానిదైనది. సంకరజాతి ఆవులు పాలు ఎక్కువ ఇచ్చును, దాణాయు నీరును ఎక్కువ త్రాగును. గట్టుమీది రొట్టయు, వేరుశనగ కట్టెయు, రాగిగడ్డియు మాత్రమే గలవానికి ఏది తగునో ఎవరికి వారు లెక్క వేసికొనుడు.

కౌలుదారుల చిక్కు వేరు. చెట్టు నాటినచో భూమిమీద హక్కు అడుగునేమో యని యజమాని నాటనీయడు. ఎర్రచందనము మన శేషాచలపు సొత్తు, పట్టాభూమిలో పెంచవచ్చును. కాని చేవ దిగుటకు రెండు పదులు దాటిన సంవత్సరములును, కొట్టుటకు అటవీశాఖ అనుమతులును కావలెను. అది ఓపికయు వేరు రాబడియు గల పోషకమహాశయులకు తగును, బీదలకు కాదు.

ఇప్పుడు సంఘమువారికి నా విన్నపము. మనము ప్రతియేట స్వాగతద్వారములకును, శాలువలకును కొంత వ్యయము చేయుచున్నాము. నాకును నేడొక శాలువ కప్పిరి, కృతజ్ఞుడను. వచ్చు సంవత్సరమునుండి శాలువల ద్రవ్యముతో ఒక నారుతోట పెట్టవలెనని నా కోరిక. విత్తులకు ధనమక్కరలేదు. చింతగింజ ఫాల్గుణమునకు దొరకును. కానుగకాయ వేసవిలో రాలును. వేపగింజ మాత్రము రాలిన రెండు మూడు వారములలో విత్తవలెను, నిలువయుంచినచో మొలువదు. తుమ్మగింజలకు మన మేకల దొడ్డియే చాలును. మేక తిని విడిచిన గింజ గట్టిపెంకు మెత్తబడి చక్కగా మొలచునని నారుతోటలవారందరును ఎరుగుదురు. వసతిగృహ విద్యార్థులు ఆదివారములందు ఏరితెత్తురు. మొక్కలను ఉచితముగా పంచవలదు. మొక్కకు రూపాయియైనను పుచ్చుకొనుడు, అప్పుడే నాటుదురు. తోట యజమానులతో చేయు ఒడంబడికకు నమూనాపత్రము మన న్యాయవాదులు వ్రాసి ఇయ్యవలెను. అచ్చు వేయించి ప్రతి గ్రామశాఖకును పంపవలెను. వలసెను నేల ఒక్క అరయెకరము, దానికి నీరు. తిరుపతికో, చిత్తూరునకో సమీపమున అట్టి వసతి గల పోషకులెవరైనను ఈ సభ ముగియులోపల కార్యదర్శిగారికి పేరిచ్చినచో, వచ్చు ఫాల్గుణమున చింతగింజలతో పని మొదలిడవచ్చును.